తాగింది బావా

ఆ వానాకాలంలో మా ఆయన రెండు అబద్ధాలు ఆడాడు. రెండూ ఒక్కో మాటంతే. మొదటిది ఒక ఇంజను కొంప ముంచింది, రెండోది నా తమ్ముడి కొంప ముంచింది. ఈ సంగతి ఎత్తితే ఆయన ముఖం ఇప్పటికీ మాడిపోతుంది. మాడనీ. నాకు మండిన కడుపు ఇంకా చల్లారలేదు.

మాది తాండూరులో ఇంజన్ల షాపు. నాపరాళ్ల పాలిషింగ్ యూనిట్ల వరసలో, దుమ్ము పట్టి తెల్లబారిన రేకుల షెడ్డు. మా మామ యాకోబు కరణ్‌కోట గనుల్లో కంప్రెషర్లు బాగుచేసి చేయి తిరిగాక పెట్టుకున్నది. ఆయన పోయాక మా ఆయన చంద్రకాంతూ నేనూ నడుపుతున్నాం. నేను కౌంటర్లో కూర్చుని బిల్లులు రాసే రకం కాదు. వాల్వులు నూరతాను, రింగులు ఎక్కిస్తాను, హెడ్డు బిగిస్తాను. గోళ్ల సందుల్లో నలుపు ఏ సబ్బుకూ వదలదు కాబట్టి పెళ్లిళ్లకు పోతే చేతులు కొంగులో దాచుకుంటాను. లారీలు, ట్రాక్టర్లు, జనరేటర్లు, రాళ్లు కోసే మిషన్లు... అన్నీ చూశాం గానీ, పడవ ఇంజను మాత్రం ఆ ఏడే మా గడప తొక్కింది.

దాన్ని తెచ్చింది పరశురాం. ధారూర్ అవతల ప్రాజెక్టు చెరువులో బోట్లు తిప్పే కాంట్రాక్టు అతనిది, గనుల్లో తిరిగే టిప్పర్లు కూడా ఉన్నాయి. వానలు పడి నీళ్లు నిండితే చాలు, ఆదివారం ఆదివారం హైదరాబాదు మొత్తం అక్కడే దిగుతుంది. పరశురాం గోవా పోయి ఒక పాత స్పీడు బోటు కొనుక్కొచ్చాడు. ఎనిమిది సిలిండర్ల పెట్రోలు ఇంజను, విదేశీ సరుకు. దాన్ని నడిపేది నా తమ్ముడు డేవిడ్. ఇంజను విప్పి చూస్తే లోపల క్యామ్ షాఫ్టు అరిగి బోడిగా తయారైంది. కొత్తది వేస్తే తప్ప లాభం లేదు.

క్యామ్ షాఫ్టు అంటే తెలియని వాళ్లకు చెబుతాను. ఇంజనులో ప్రతి సిలిండరుకూ రెండు తలుపులు, అంటే వాల్వులు, ఉంటాయి, గాలీ పెట్రోలూ లోపలికి రావడానికి ఒకటి, పొగ బయటికి పోవడానికి ఒకటి. ఏ తలుపు ఎప్పుడు తెరవాలో, ఎంతసేపు తెరిచి ఉంచాలో ఈ షాఫ్టే చెబుతుంది. మామూలు షాఫ్టు ఒక తలుపు దాదాపు మూసుకున్నాకే రెండోది తెరుస్తుంది. రేసు షాఫ్టు రెండింటినీ కాసేపు కలిపి తెరిచి ఉంచుతుంది. దానివల్ల స్పీడులో బలం వస్తుంది. స్లోలో పెడితే, అంటే బండి ఆగి ఇంజను ఊరికే తిరుగుతుంటే, కుంటుతున్నట్టు ఒక చప్పుడొస్తుంది. ఆ చప్పుడంటే కుర్రకారుకు పిచ్చి.

పరశురాంకు నలభై ఐదు దాటినా ఆ పిచ్చి దిగలేదు.

"మిస్త్రీ, నా బుల్లెట్ బండి సప్పుడు ఇన్నవు గద," అన్నాడు, ఇంజను చుట్టూ తిరుగుతూ. "డుగ్గు డుగ్గు అనాలె. ఒడ్డుమీద టికెట్ తీసుకునేటోళ్ల గుండెలు అదరాలె. గసొంటిది ఎయ్యి."

డేవిడ్ పక్కనే ఉన్నాడు. "సార్, గిది బుల్లెట్ కాదు. దీని సైలెన్సర్ల నీళ్లుంటయ్," అన్నాడు.

నిజమే. పడవలో ఇంజను ఒక డబ్బాలో మూసి ఉంటుంది, గాలి తగలదు. పొగగొట్టం కాలి బోటుకు నిప్పంటుకోకుండా, బయటి నీళ్లను లాగి ఆ గొట్టంలోకి వదులుతారు. పొగా నీళ్లూ కలిసి వెనకనుంచి పోతాయి. తడి ఎగ్జాస్టు అంటారు.

మా ఆయన హైదరాబాదులో సామాన్లు తెప్పించే సేఠ్‌కు ఫోను కలిపాడు. చేతులకు గ్రీజు ఉంటుంది కనుక మా షాపులో ఫోను ఎప్పుడూ స్పీకర్లోనే మాట్లాడుతుంది. సేఠ్ తన దగ్గర రెండు రకాలున్నాయన్నాడు. ఒకటి సాదాది, ఒకటి రేసుది.

"రేసుది పంపు సేఠ్," అన్నాడు మా ఆయన.

"ఆగు భాయ్. ముందుగాల గిది చెప్పు. ఎగ్జాస్టు తడిదా, పొడిదా?"

జవాబుకు ఆగకుండా సేఠే అందుకున్నాడు. "తడిదైతే రేసుది నేను ఇయ్య. రెండు తలుపులు ఒక్కపారి తెరిసుంటె స్లోల పోయిన పొగ మళ్ల ఎన్కకు గుంజుకొస్తది. పొగతోని నీళ్లు సుత వస్తయ్. ఇంజను లోపల్కి పోతయ్. తర్వాత నన్ను తిట్టొద్దు."

చిన్నపిల్లలకు కూడా అర్థమయ్యేట్టు చెప్పాడు. మేమిద్దరం, డేవిడ్, పరశురాం, అందరం విన్నాం. మా ఆయన పరశురాం వైపు చూశాడు. పరశురాం బుల్లెట్ తాళంచెవి వేలికి తిప్పుకుంటూ, "మన టిప్పర్లన్ని ఇగ మీ షాపుకే పంపుదమనుకున్న," అన్నాడు, ఎవరితోనో అన్నట్టు.

"పొడిదే సేఠ్," అన్నాడు మా ఆయన.

నేను చేతిలో ఉన్న వాల్వు కింద పడేశాను. "తడిది గదా! ఏం మాట్లాడుతున్నవ్?" అనేలోపు ఫోను పెట్టేశాడు. పరశురాం మీసాల్లో నవ్వుకుంటూ బండెక్కి పోయాడు. డేవిడ్ మాత్రం కదల్లేదు.

"బావా, నడిపేది నేను," అన్నాడు.

"అరె, స్లోల ఎక్కువసేపు పెట్టకు, అయిపాయె. జర రేసు ఇచ్చుకుంట ఉండు. ఏం గాదు. ఊకె ఫికర్ జెయ్యకు."

"గిరాకి అడిగితే విషం సుత కలిపిస్తవా?" అన్నాను నేను.

"షాపు నడవాలె శ్యామలా," అన్నాడాయన, పాత షాఫ్టును గుడ్డతో తుడుస్తూ. దాన్ని తుడిచి చేసేదేముంది, తుక్కులో పోయేది. నా ముఖం చూడలేక తుడిచాడు.

ఒళ్లు మండి ఆ పూట వంట చేయలేదు. మా అత్త భాగమ్మ వచ్చి సంగతేమిటని అడిగింది. ఆమె నలభై ఏళ్లు సండే స్కూలు నడిపిన మనిషి. ఏది అడిగినా పిల్లలను పాఠం అడిగినట్టే అడుగుతుంది, ఒకదాని వెనక ఒకటి, జవాబు వచ్చేదాకా వదలదు. అంతా చెప్పాను. ఆమె విని, "వాడు షాపు యజమాని బిడ్డా. వానికి తెలుసు," అని గిన్నెలు సర్దుకుంది. కొడుకు దగ్గరికొచ్చేసరికి సండే స్కూలుకు సెలవు.

షాఫ్టు వచ్చింది, ఎక్కించాం. ఇంజను మొదటిసారి మోగినప్పుడు పక్క యూనిట్లలో రాళ్లు కోసేవాళ్లు కూడా వచ్చి చూశారు. చప్పుడు బాగానే ఉంది, కాదనను.

నా తమ్ముడి సంగతి ఇక్కడ చెప్పాలి. డేవిడ్ ఒకప్పుడు తాగేవాడు. మామూలుగా కాదు, జీతం రోజు వాణ్ని వెతకాలంటే కల్లు దుకాణాల్లో మొదలుపెట్టేవాళ్లం. మరదలు మనీషా పాపను చంకనేసుకుని పుట్టిల్లు కుల్కచర్లకు పోయింది. వాడు మానేసి, బాప్తిస్మం తీసుకుని, మనిషయ్యాక తిరిగి వచ్చింది. వచ్చిన రోజు గుమ్మంలో నిలబడి, "ఒక్క చుక్క అని తెలిసినా సరే, మళ్ల కుల్కచర్ల బస్సెక్కుత. అప్పుడు పిలువనీకి రావద్దు," అంది. అప్పటినుంచి వాడు దగ్గు మందు సీసా చూసినా ఆమడ దూరం పరుగెత్తుతాడు. పెళ్లిళ్లలో సోడా ఇచ్చినా గ్లాసు మనీషాకు ఇచ్చి వాసన చూపించాకే తాగుతాడు. మేమంతా ఏడిపించేవాళ్లం. వాడు సిగ్గుపడేవాడు గానీ ఆ అలవాటు మానలేదు.

ఆ సీజన్లో వాళ్లింటికి ధారూర్ పోయినప్పుడు మనీషా చేపల పులుసు పెట్టింది. పాప తండ్రి ఒళ్లో కూర్చుని ముళ్లు తీయించుకుంటోంది. డేవిడ్ తినడం ఆపి, "అక్కా, సప్పుడు జర తేడ వస్తున్నది," అన్నాడు. "స్లోల పెడితే తుమ్ముతున్నది. మొన్న ప్లగ్గులు తీస్తే ఎర్రగ ఉన్నయ్."

"స్లోల పెట్టొద్దని బావ చెప్పిండు గద?"

"నేను పెడుతున్ననా? పరశురాం సారు ఒడ్డుకాడ బందు జెయ్యనియ్యడు. జనం ఎక్కేదాక, ఫోటువలు దిగేదాక గట్లనే డుగ్గు డుగ్గుమనాలెనట. సప్పుడు ఇనే టికెట్లు కొంటున్నరట. చెప్పిచెప్పి నా నోరు నొచ్చింది."

తాండూరు వచ్చి మా ఆయనకు చెప్పాను. ప్లగ్గులు ఎర్రబడ్డాయంటే నీళ్లు లోపలికి వచ్చి తుప్పు పడుతోందని ఆయనకు నేను చెప్పాలా? "కొత్త ప్లగ్గులు పంపుత," అన్నాడు. ఇంకేమైనా అంటాడేమోనని కాసేపు అక్కడే నిలబడ్డాను. ఆయన రేడియేటరు కింద దూరి, నేను పోయేదాకా బయటికి రాలేదు.

చెరువు నిండి, మిగులు నీళ్లు అలుగు మీదుగా కిందికి పారుతున్న ఆదివారం అది. చర్చి నుంచి వచ్చి ముగ్గురం భోజనాలకు కూర్చున్నాం. మా ఆయన చేయి కూరలో ఉంది కాబట్టి ఫోను మోగితే మోచేత్తో స్పీకర్ నొక్కాడు. గాలి హోరు, జనం అరుపులు, వాటి మధ్య డేవిడ్ గొంతు.

"తాగింది బావా! తాగింది! నీళ్లు తాగింది! నడిమిట్ల బందు చేసి మళ్ల స్టార్ట్ చేస్తే ధన్నుమని పట్టేసింది. అలుగు దిక్కు కొట్టుకపోతున్నం..."

లైను తెగిపోయింది. నేను విన్నాను. మా అత్త విన్నది, ముద్ద కంచంలో వదిలేసి "ప్రభువా" అంది. మా ఆయన విన్నాడు.

మేం బండి మీద ధారూర్ దాటి ప్రాజెక్టు చేరేసరికి జరగాల్సింది జరిగిపోయింది. అక్కడున్న వాళ్లు చెప్పింది ఇది. బోటు అలుగు వైపు పోతుంటే, డేవిడ్ తాడు నడుముకు కట్టుకుని నీళ్లలో దూకాడు. మునిగిన తుమ్మచెట్టు ఒకటి తల మాత్రం పైకి పెట్టుకుని ఉంటే దానిదాకా ఈది, తాడు దానికి చుట్టాడు. తెడ్డు పడవల వాళ్లు వచ్చి ఒక్కొక్కరినీ ఒడ్డుకు చేర్చేదాకా ముళ్లకొమ్మను పట్టుకుని అక్కడే ఉన్నాడు. అందరూ గట్టెక్కాక తనూ వచ్చాడు. ఒడ్డున అడుగు పెట్టగానే కాళ్లు రెండూ మెలికలు తిరిగి బురదలో పడ్డాడు. లేచి మళ్లీ పడ్డాడు. సరిగ్గా ఆ ముక్క ఎవడో ఫోనులో పట్టాడు. దూకింది ఎవడూ పట్టలేదు.

గట్టెక్కిన జనం పరశురాంను చుట్టుముట్టి ఉన్నారు. "కండిషన్ లేని బోటుల మమ్ముల ఎక్కిస్తవా?" అని ఒకాయన అతని కాలరు పట్టుకున్నాడు. పరశురాంకు ముచ్చెమటలు పోశాయి. అప్పుడు అతనికి బురదలో కూర్చున్న డేవిడ్ కనిపించాడు.

"బోటు మంచిగనే ఉన్నది సార్! ఆన్ని చూడుండ్రి. నిలవడనీకి వస్తలేదు. తాగి నడిపిండు!"

డేవిడ్ తలెత్తాడు. "నేనా? ఎవరన్న ఊదిపియ్యిండ్రి. ఇప్పుడే, ఈడనే ఊదిపియ్యిండ్రి," అన్నాడు. పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి, మాట ముద్దగా వచ్చింది. ఆ ముద్ద మాట వాడికే చుట్టుకుంది. ఎవరూ ఊదించలేదు.

పరశురాం మా ఆయనను చూశాడు. "ఇగో, మిస్త్రీ వచ్చిండు. ఇంజను కట్టినోడు. మిస్త్రీ, నీ బామ్మర్ది నీకే ఫోన్ చేసిండు గద. ఏమన్నడు?"

జనం అంతా మా వైపు తిరిగారు. ఇంజను తప్పా, డ్రైవరు తప్పా అన్నదే ప్రశ్న. ఇంజను తప్పయితే అది కట్టిన వాడి పేరు బయటికి వస్తుంది, ఏ షాఫ్టు వేశావని అడుగుతారు. మా ఆయన నన్ను చూడలేదు. నీళ్లకేసి చూశాడు.

"సరిగ్గ ఇనరాలె," అన్నాడు. కాసేపాగి, "తాగిన, అన్నట్టె ఇనవడ్డది," అన్నాడు.

తాగింది, తాగిన. అంతే తేడా. ఇంజను నీళ్లు తాగింది అని చావు అంచున నిలబడి అరిచినవాడి నోట్లో, నేను మందు తాగిన అనే మాట పెట్టాడు. అక్షరం ఒకటి మింగేశాడు, నీళ్లు అన్న మాట మొత్తంగా మింగేశాడు.

నేను అరిచాను. ఏమేం అరిచానో వరసగా గుర్తులేదు. తాగింది అన్నాడని, ముగ్గురం విన్నామని, తడి ఎగ్జాస్టుకు రేసు షాఫ్టు వేశారని అరిచాను. "నువ్వెవరమ్మా?" అని అడిగారు. డేవిడ్ అక్కనన్నాను. "ఆఁ, అక్కట," అని తల తిప్పుకున్నారు. అంతటితో నా మాట విలువ తేలిపోయింది.

ఆ వీడియో సాయంత్రానికి తాండూరు, వికారాబాదు దాటి కుల్కచర్ల చేరింది. డేవిడ్‌ను పనిలోంచి తీసేశారు. మనీషా మరునాడు పాపను తీసుకుని బస్సెక్కింది. చెప్పినట్టే చేసింది. ఆమెను తప్పు పట్టను, పట్టాల్సిన మనిషి మా ఇంట్లోనే ఉన్నాడు.

ఇంజను మా షాపుకే వచ్చింది. హెడ్డు విప్పాం. ఒక రాడ్డు వంగిపోయింది. పిస్టన్ల నెత్తిన చెరువు ఎర్రమట్టి పేరుకుని ఉంది. గాలి వచ్చే వాల్వులు శుభ్రంగా ఉన్నాయి, పొగ పోయే వాల్వులకు మాత్రం చుట్టూ తుప్పు. నీళ్లు పైనుంచి పడలేదు, వెనకనుంచి సైలెన్సర్ దారినే వచ్చాయి. ఒక వాల్వు తీసి ఆయన ముఖం ముందు పెట్టాను.

"చూసినవా?"

"తెలుసు," అన్నాడు.

తెలియదంటే సగం కోపం తగ్గేది. తెలుసట! వాల్వు ఆయన ముందు బల్లమీద పడేశాను. "తెలిసినోనివి పోయి మనీషకు చెప్పు," అన్నాను.

"చెప్తే షాపు మూసుకోవాలె. పరశురాం ఊకుంటడా? కొన్ని దినాలు పోతే అందరు మర్సిపోతరు."

"మనీష మర్సిపోదు."

ఆ రోజునుంచి షాపులో నేను ఆయనతో మాట్లాడటం మానేశాను. పని మాత్రం మానలేదు, షాపు నా మామ పెట్టింది, ఆయన ఒక్కడి సొత్తు కాదు. పదమూడు స్పానర్ అడిగితే ఇంకెవరినో అడిగినట్టు పక్కకు చూసేదాన్ని. కాఫీ అడిగితే గోడకు చెప్పుకోమన్నట్టుండేదాన్ని. ఇంట్లో కంచం పెట్టి లేచిపోయేదాన్ని. మా అత్తను ఎన్నిసార్లో నిలదీశాను.

"అత్తమ్మా, నువ్వు ఇన్నవా లేదా?"

"ముసలి చెవులు బిడ్డా. సరిగ్గ ఇనరాలె," అనేది. సూది కింద పడితే ఏ మూల పడిందో చెప్పగల చెవులవి.

కుల్కచర్ల పోయాను. మనీషా నన్ను కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చింది. అంతా విన్నది. "తమ్మునికోసం అక్క చెప్పక ఎవరు చెప్తరు వదినె?" అంది. "ఫోన్ అన్నకు వచ్చింది. అన్న వచ్చి చెప్పమను. గప్పుడు వస్త." పాప తలుపు వెనక నిలబడి నా చేతుల నలుపు చూస్తోంది. ఆమె అడిగినదాంట్లో అన్యాయమేమీ లేదు. అదే నాకు ఇంకా మంట.

కందిచేలు పూతకొచ్చాయి, చలి మొదలైంది, మా క్రైస్తవుల ధారూర్ జాతర వచ్చింది. మావాళ్లంతా ఎక్కడెక్కడినుంచో వచ్చి వాగు పక్కన గుడారాలు వేసుకుని, అక్కడే వండుకుని, అక్కడే ప్రార్థన చేసుకునే రోజులవి. మా అత్త ఊరు విడిచి రానన్న మనుషులను కూడా జాతర పేరు చెప్పి రప్పిస్తుంది. ఆ ఏడు కుల్కచర్లకు తనే ఫోను చేసి మనీషాను, ఆమె తల్లి నవనీతను మా పక్క గుడారానికి పిలిచింది. డేవిడ్ కూడా వచ్చాడు. వాడప్పుడు కరణ్‌కోటలో రాళ్లు ఎత్తే పనిలో ఉన్నాడు. చేతులు పగిలి ఉన్నాయి.

పొద్దున నేను పొయ్యి రాజేస్తున్నాను. మా అత్త పక్కన కూర్చుని ఉల్లిగడ్డల పొట్టు తీస్తోంది. పాప డేవిడ్‌ను చూసి నాయినా అంటూ పరుగెత్తుకొచ్చింది. ఒక్క అడుగు దూరంలో ఆగింది. వెనక్కి తిరిగి అమ్మమ్మను చూసింది. నవనీత తలాడించింది.

"నాయినా, నోరు తెరువు," అంది పాప.

డేవిడ్‌కు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక మోకాళ్ల మీద కూర్చుని నోరు తెరిచాడు. పాప మునివేళ్ల మీద లేచి, ముక్కు దగ్గర పెట్టి, వాసన చూసింది. ఎవరో నేర్పిన పని శ్రద్ధగా చేసినట్టు చేసింది. "లేదు అమ్మమ్మా," అని కేకేసి చెప్పి, అప్పుడు తండ్రి మెడ పట్టుకుంది. డేవిడ్ నవ్వాడు. ఆ నవ్వు చూడలేక నేను పొయ్యిలోకి ఊదాను. పొగ కళ్లలోకి కొట్టింది, మంచిదే అయింది.

మా అత్త చేతిలో కత్తి ఆగిపోయింది. మిగిలిన ఉల్లిగడ్డలు అట్లాగే వదిలేసి లేచి పోయి, మొహం కడుక్కుని, తెల్లచీర కట్టుకుని వచ్చింది.

కాసేపటికి ప్రార్థనకు కూర్చున్నాం. చుట్టుపక్కల గుడారాల వాళ్లు కూడా చేరారు. పాటలయ్యాక సాక్ష్యాలు మొదలయ్యాయి. ఏడాదిలో దేవుడు తమకు చేసిన మేలు ఒక్కొక్కరూ లేచి చెప్పుకోవడం మా దగ్గర రివాజు. మా ఆయనకు మంచి గొంతు ఉంది, సాక్ష్యానికి ఎప్పుడూ ముందుంటాడు. లేచి నిలబడి, "ఈ ఏడు మస్తు పరేషాన్లు వచ్చినయ్. అయినా ప్రభువు మా షాపును కాపాడిండు. ఆయనకే మహిమ," అన్నాడు. లేవబోయాను. మా అత్త నా భుజం నొక్కి, దానిమీద బరువు వేసి తను లేచింది.

"చంద్రకాంతూ, నువ్వు కూసోకు," అంది. "సాక్ష్యం అయిపోలె."

ఆయన నిలబడే ఉన్నాడు.

"ఆ దినం డేవిడ్ ఫోన్ చేసినప్పుడు నీ పక్కకు ఎవరు కూసున్నరు?"

సండే స్కూలు గొంతు అది. అక్కడున్న సగం మంది ఆ గొంతు ముందు చేతులు కట్టుకుని పాఠాలు అప్పజెప్పినవాళ్లే. అందరూ సర్దుకుని కూర్చున్నారు.

"అమ్మా, గిప్పుడు గది..."

"ఎవరు కూసున్నరు?"

"శ్యామల. నువ్వు."

"నాకు ఇనరాలె అని నేను చెప్పిన. అది అబద్ధం. మంచిగ ఇనవడ్డది. కొడుకని అబద్ధమాడిన," అంది మా అత్త, అందరివైపూ తిరిగి. మళ్లీ కొడుకువైపు తిరిగింది. "నీకు ఇనవడ్డదా?"

"ఇనవడ్డది."

"ఏమన్నడు?"

పక్క గుడారంలో ఎవరో గిన్నె మూత పెట్టారు. మా ఆయన గొంతు సవరించుకున్నాడు. మంచి గొంతు, ఆ వేళకు పనికి రాలేదు.

"తాగింది, అన్నడు."

"గట్టిగ."

"తాగింది అన్నడు."

"ఏంది తాగింది?"

"ఇంజను."

"ఏం తాగింది?"

"నీళ్లు."

"ఎందుకు తాగింది?"

ఆయన డేవిడ్ వైపు చూశాడు. డేవిడ్ తల వంచుకుని పాప జడ రిబ్బను ముడి వేస్తున్నాడు, విప్పి మళ్లీ వేస్తున్నాడు.

"తడిదాన్ని పొడిదని చెప్పి తెప్పిచ్చిన," అన్నాడు మా ఆయన. "ఎయ్యొద్దన్న షాఫ్టు ఏసిన. డేవిడ్ చుక్క తాగలె. గా దినమె నాకు తెలుసు."

"ఇప్పుడు కూసో," అంది మా అత్త. తనూ కూర్చుంది. కూర్చున్నాక ఆమె చెయ్యి నా చెయ్యి కోసం వెతికింది. పట్టుకోవాలనిపించింది గానీ పట్టుకోలేదు. ఇన్ని రోజులు ఆ నోరు ఎక్కడ దాచిందని కోపం.

మనీషా లేచింది. అరవలేదు. "గీ ఒక్క ముక్క గా దినమె చెప్తే ఏం పోతుండె అన్నా?" అని అడిగింది. ఆమె డేవిడ్ దగ్గరికి పోయింది. పాప ముందు కూర్చుని, గడ్డం పట్టుకుని తనవైపు తిప్పుకుంది.

"ఇగ నాయిన నోరు వాసన చూడకు బిడ్డా," అంది.

డేవిడ్ అప్పుడు ఏడ్చాడు. బురదలో పడినప్పుడు ఏడవలేదు, పనిలోంచి తీసేసినప్పుడు ఏడవలేదు.

పరశురాం టిప్పర్లు మా షాపుకు రాలేదు. జాతరలో జరిగింది అతని చెవిన పడి, ఒకసారి వచ్చి గొడవ చేసి, బోటు ఇంజను మాత్రం పైసా తీసుకోకుండా బాగుచేసి పంపమని పోయాడు. చప్పుడు సంగతి ఎత్తలేదు. డేవిడ్‌ను మళ్లీ పనికి పిలిచాడు, వాడు పోనన్నాడు. ఇప్పుడు మా షాపులోనే మూడో బల్ల వాడిది. బావతో పనికి అవసరమైనంత మాట్లాడతాడు.

జాతర అయిన వారంలో మా ఆయన సేఠ్‌కు ఫోను కలిపాడు. వాల్వు నూరుతూ నేను పక్కనే ఉన్నాను. సాదా షాఫ్టు కావాలన్నాడు.

"తడిదా, పొడిదా?" అన్నాడు సేఠ్.

"తడిది."

"మొన్న పొడిదంటివి గద భాయ్?"

మా ఆయన ఫోనువైపు చూశాడు, డేవిడ్ వైపు చూశాడు, చివరికి నా వైపు చూశాడు. ఫోను తీసి చెవికి పెట్టుకుని బయటికి పోదామని చెయ్యి చాపాడు. నేను నూరడం ఆపాను.

"స్పీకర్లనే ఉండనీ," అన్నాను. "చెప్పు."